పాత పడవ మోటారుకు సంపీడన పరీక్ష
(ఫెడరేషన్ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము నుండి మీరు వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ మొదలైన విషయములపై ప్రసంగములు విన్నారు. ఇప్పుడు మేము పడవ మోటారును గురించి మాట్లాడబోవుచున్నామని అధ్యక్షులు ప్రకటించగానే వెనుక వరుసలలో కొందరు నవ్వినారు. ఆ నవ్వులో తప్పులేదు. పట్టాలను నమ్ముకొన్నవారికి, తపాలా సంచులు మోయువారికి పడవ మోటారుతో పనియేమని ఎవరికైనను తోచును.

కాని ఒక్కసారి ఆలోచించండి. వరద తగ్గుముఖము పట్టగానే వంతెన స్తంభముల మొదట ఇసుక ఎంత కోసుకొనిపోయినదో లోతు కొలిచి చూచువారు ఎవరు? మన బ్రిడ్జి విభాగపు ఖలాసీలు. వారు నిలబడి పనిచేయునది పడవలో. గోదావరి పాయల నడుమనున్న లంక గ్రామములకు ఏరు పొంగిన రోజులలో ఉత్తరములు, మనియార్డర్లు, పింఛను సొమ్ము చేర్చవలసినవారు ఎవరు? మన తపాలా సోదరులు. వారు ఏరు దాటునది పడవలో. ఆ పడవ వెనుక తగిలించిన మోటారు నడియేట ఆగినచో ముందు పోవునది ప్రాణము. ప్రాణము దక్కినచో తరువాత వచ్చునది ఛార్జిషీటు. రెండును మన సంఘమునకు సంబంధించిన విషయములే.

2009 వర్షాకాలములో మా అనుభవములోనికి వచ్చిన ఒక కేసును ముందుగా చెప్పెదము. కార్యాలయము పేరు, మనుష్యుల పేర్లు చెప్పుట లేదు, ఇక్కడ వాటితో పనిలేదు. ఒక పెద్ద నదిపై వంతెన వద్ద లోతులు తీయుటకు వెళ్లిన పడవలో మోటారు బలము కోల్పోయినది. ప్రవాహము పడవను స్తంభము మీదికి నెట్టినది. ఒక ఖలాసీ చేయి విరిగినది. ఎవరును మరణించలేదు. పడవ నడిపిన సరంగుపై అభియోగము వచ్చినది. పెట్రోలులో నూనె సరిగా కలుపక మోటారును పాడుచేసినాడని, నిర్లక్ష్యముగా నడిపినాడని దాని సారాంశము.

ఆ సరంగు ఇరువదిరెండు సంవత్సరముల సర్వీసు గలవాడు. మేము ఆయన తరఫున విచారణకు వెళ్లినాము. మొదటి రోజున మేము చేసినదంతయు ఉపన్యాసమే. ఆయన నిజాయితీని పొగడినాము, పాత సామగ్రితో పనిచేయించుటను ఖండించినాము. విచారణాధికారి ఓపికగా విని ఒక ప్రశ్న వేసినారు: "మోటారు ముందునుండియే బాగులేదనుటకు ఆధారమేమి?" మావద్ద ఆధారము లేదు. సరంగు మూడుసార్లు పైవారికి చెప్పియుండెను. అన్నియు నోటిమాటలే, కాగితముపై ఒక్క అక్షరము లేదు.

ఆ సాయంత్రము యూనియన్ కార్యాలయములో తలలు వంచుకొని కూర్చున్నప్పుడు, డీజిలు షెడ్డులో పనిచేసి పదవీ విరమణ పొందిన మన ఫిట్టరు ఒకాయన టీ గ్లాసు క్రింద పెట్టి, "ఇంతసేపూ మాట్లాడారు సరే, కంప్రెషన్ కొలిచారా?" అని అడిగినాడు. నేటి మా ప్రసంగమునకు మూలము ఆ ప్రశ్నయే.

సంపీడనమనగా ఏమి?

షెడ్డులలో పనిచేయు మిత్రులకు ఇది కొత్త కాదు, తక్కినవారి కొరకు చెప్పుచున్నాము. సిలిండరులో పిస్టన్ పైకి లేచినపుడు లోనికి వచ్చిన గాలి, ఇంధనముల మిశ్రమము ఇరుకు చోటికి నొక్కబడును. ఆ నొక్కుడే సంపీడనము, పనివారి మాటలో కంప్రెషన్. బాగుగా నొక్కబడిన మిశ్రమము బలముగా మండును. పిస్టన్ చుట్టునున్న రింగులు అరిగినను, విరిగినను, మసిలో అతుక్కొనిపోయినను, సిలిండరు గోడపై గీతలు పడినను, హెడ్ క్రింది గాస్కెట్టు కాలినను ఆ ఒత్తిడి ప్రక్కదారి పట్టును. అప్పుడు మోటారు ఖాళీగా ఉన్నపుడు బాగుగానే తిరిగినట్లు కనబడును. బరువు పడి ఎదురీదవలసిన చోట చతికిలబడును. ఒడ్డున చూచినవారు బాగున్నదనుటయు, ఏటిలో ఉన్నవాడు బాగులేదనుటయు రెండును నిజమగుట అందువలననే.

పాత పడవ మోటార్లలో అధిక భాగము రెండు స్ట్రోకులవి. వీటిలో నాలుగు స్ట్రోకుల ఇంజనుకున్నట్లు సిలిండరు తలపై వాల్వులుండవు. కనుక ఒత్తిడి పోవు దారులు తక్కువ, వెదకుట తేలిక. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకమునకు పెట్టిన మోటారు నుండి నిన్నమొన్నటి వరకు ఈ పద్ధతియే విస్తారముగా నడచినది. ఆ ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీని 2020లో ఆపివేసినారు. అయినను పాత మోటార్లు అనేక రేవులలో ఇంకను తిరుగుచునే ఉన్నవి. తయారీ ఆగినను సేవ ఆగని యంత్రమునకు పరీక్ష మరింత అవసరము.

పరీక్షకు ముందు

కావలసిన సామగ్రి స్వల్పము. కంప్రెషన్ గేజి ఒకటి, స్పార్క్ ప్లగ్గు విప్పు పానా, శుభ్రమైన గుడ్డ, కాగితము, పెన్సిలు. గేజి మర ప్లగ్గు మరతో సరిపోవలెను. కొలత మారిన మరను బలవంతముగా బిగించినచో అల్యూమినియపు హెడ్‌లోని మర చెడిపోవును. పరీక్షకు వచ్చి కొత్త నష్టము తెచ్చినవారమగుదుము.

మోటారు నడచు స్థితిలో ఉన్నచో కొన్ని నిమిషములు నడిపి వేడెక్కనీయవలెను. అయితే నీటిలో ఉంచి మాత్రమే నడుపవలెను. ఏటిలోనైనను సరే, పీపాలోనైనను సరే. నీరు లేక నడిపినచో నీటి పంపులోని రబ్బరు చక్రము క్షణములలో చెడిపోవును. అసలు నడవని మోటారును చల్లగానే కొలువవచ్చును. కాని చల్లగా కొలిచినామని కాగితముపై వ్రాయవలెను.

తరువాత గేరును న్యూట్రలులో ఉంచి, ప్రొపెల్లరు దగ్గర ఎవరును లేకుండ చూడవలెను. స్పార్క్ ప్లగ్గులన్నిటిని విప్పవలెను. విప్పినవాటిని ఏ సిలిండరుది ఆ వరుసలోనే గుడ్డపై పేర్చవలెను. ప్లగ్గు మొగము కూడ సాక్ష్యమే. ఒకటి నల్లగా తడిసి, మరొకటి కడిగినట్లు తెల్లగా ఉన్నచో, ఆ తెల్లనిదాని సిలిండరులోనికి నీరు చేరుచున్నదేమోయని అనుమానింపవలెను.

ఇప్పుడు ముఖ్యమైన జాగ్రత్త. ప్లగ్గు తీగలను ఇంజను లోహమునకు తాకించి గట్టిగా కట్టవలెను. ఆపు స్విచ్చి ఉన్నచో దానిని ఆపు స్థితిలో ఉంచవలెను. ఏలయన, త్రాడు లాగునపుడు ప్లగ్గు రంధ్రముల నుండి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముచుండును. గాలిలో వ్రేలాడు తీగ నుండి ఒక్క రవ్వ లేచిన చాలును, మంట అంటుకొనును. అదిగాక, విద్యుత్తు పోవు దారిలేక కాయిల్ చెడిపోవు ప్రమాదము కూడ ఉన్నది. కనుక ఆరుబయట చేయవలెను. దగ్గర బీడీలు, సిగరెట్లు ఉండరాదు. పైన తిరుగు చక్రమునకు తువ్వాలు, చొక్కా చేతులు తగులకుండ చూచుకొనవలెను.

కొలుచు విధానము

మొదటి సిలిండరు రంధ్రములో గేజిని బిగింపవలెను. కార్బురేటరు థ్రాటిల్‌ను పూర్తిగా తెరచి ఉంచవలెను. కొన్ని మోటార్లలో న్యూట్రలులో థ్రాటిల్ పూర్తిగా తెరచుకొనదు. అట్టిచోట కార్బురేటరు వద్దనే చేతితో తెరచి పట్టుకొనవలెను. అటుపిమ్మట త్రాడును నిండుగా, ఒకే ఊపుతో లాగవలెను. ప్రతి లాగుడుకు ముల్లు కొంత కొంత పైకెక్కి ఒకచోట నిలిచిపోవును. సాధారణముగా ఐదారు లాగుళ్లు చాలును. ముల్లు నిలిచిన అంకెను వ్రాసి, గేజిలోని ఒత్తిడిని వదలి, తరువాతి సిలిండరుకు పోవలెను.

ఇందు మూడు నియమములు తప్పరాదు. లాగు మనిషి ఒక్కడే కావలెను. లాగుళ్ల లెక్క అన్ని సిలిండర్లకు ఒకటే కావలెను. గేజి ఒక్కటే కావలెను. బ్యాటరీతో తిప్పు మోటారైనచో బ్యాటరీ నిండుగా ఉండవలెను. ప్రతి సిలిండరును రెండేసిసార్లు కొలిచినచో మన అంకెపై మనకే నమ్మకము కలుగును.

అంకెలను చదువు విధము

గేజీలపై సాధారణముగా చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని ఉండును. 100 పౌనులనగా చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు 7 కిలోలు. రైలు మిత్రులకు గుర్తుండుటకు చెప్పెదము: మన గాలి బ్రేకు గొట్టములో ఉండవలసిన 5 కిలోల ఒత్తిడి 71 పౌనులకు సమానము.

పాత రెండు స్ట్రోకుల పెట్రోలు మోటార్లలో 90 నుండి 130 పౌనుల వరకు కనబడుట మామూలు. అయితే అది అన్నిటికిని వర్తించు శాసనము కాదు. పాత చిన్న మోటార్లలో కొన్ని అంతకు తక్కువ ఒత్తిడితోనే తయారైనవి. కిరోసినుతో నడచు మోటార్ల సంగతి వేరు. కేరళ తీరములో జాలరులు విరివిగా వాడినవి ఇవియే. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కిన తరువాత కిరోసినుకు మార్చి నడుపుదురు. కిరోసిను ఎక్కువ నొక్కుడును సహింపదు. అందుచేత ఆ మోటార్లను తక్కువ సంపీడనముతోనే నిర్మింతురు. పెట్రోలు మోటారు అంకెను చూపి కిరోసిను మోటారు అరిగినదనుట అన్యాయము. ఆ మోటారు పుస్తకములోని అంకెయే ప్రమాణము.

పుస్తకము దొరకనిచో ఏమి చేయవలెను? సిలిండర్లను ఒకదానితో ఒకటి పోల్చవలెను. ఉన్న అంకె ఎంత అనుదానికంటె, అంకెల నడుమ తేడా ఎంత అనునది ఎక్కువ చెప్పును. ఒకటి 110, మరొకటి 104 అయినచో తేడా ఐదారు శాతము. దిగులు లేదు. ఒకటి 110, మరొకటి 82 అయినచో తేడా నాలుగవ వంతు. అట్టి మోటారును ఏటిలోనికి పంపరాదు. పది శాతమునకు మించిన తేడా కనబడినచో కారణము వెదకవలెనని పనివారి వాడుక.

ఒక్క సిలిండరే తగ్గినచో రింగులు, పిస్టన్, గోడలను అనుమానింపవలెను. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు సమానముగా తగ్గినచో వాటి నడుమ గాస్కెట్టు కాలియుండవచ్చును. అన్నియు సమానముగా తగ్గినచో మోటారంతయు అరిగినదని తొందరపడి చెప్పరాదు. లాగుడు బలహీనమేమో, థ్రాటిల్ మూసియున్నదేమో, గేజియే తప్పు చూపుచున్నదేమో ముందు చూడవలెను. అంకె మామూలు కంటె ఎక్కువగా ఉన్నచో సంతోషింపరాదు. లోపల మసి పేరుకొని చోటు ఇరుకైనదని దాని అర్థము కావచ్చును.

తగ్గిన సిలిండరులో ఒక చెంచాడు నూనె పోసి మరల కొలుచుట మరొక పద్ధతి. అంకె బాగా పెరిగినచో రింగుల వద్ద లోపమనియు, పెరుగనిచో గాస్కెట్టు వద్దనో పిస్టన్‌లో రంధ్రము వద్దనో లోపమనియు ఊహింపవచ్చును. ఇంధనములోనే నూనె కలియు మోటార్లలో ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. నిశ్చయము కావలెనన్నచో ఎగ్జాస్టు మూత విప్పి, ఆ కిటికీ నుండి పిస్టనును, రింగులను కంటితో చూడవలెను. ఉప్పునీటిలో తిరిగిన మోటారైనచో బోల్టులు తుప్పుతో పట్టుకొనియుండును. తొందరపడి త్రిప్పినచో విరుగును.

ఈ పరీక్షకు హద్దులున్నవి. క్రాంక్ కేసు సీళ్లు కారుచున్నను, లోనికి గాలి విడుచు రీడ్ రేకులు విరిగినను, కార్బురేటరులో మురికి చేరినను, రవ్వ సరిగా పుట్టకున్నను ఈ గేజి చెప్పదు. సంపీడనము బాగున్నంత మాత్రమున మోటారు బాగున్నదని కాదు. సంపీడనము పోయినచో మాత్రము తక్కినవి ఎన్ని సరిచేసినను ప్రయోజనము లేదు. అందుచేత ముందు దీనిని కొలువవలెను.

ఆ కేసు ఏమైనది?

మరల మన సరంగు వద్దకు వచ్చెదము. ఉభయ పక్షముల సమక్షములో మోటారును పరీక్షింపవలెనని మేము వ్రాతపూర్వకముగా కోరినాము. అనుమతి లభించినది. ఆ రోజున మొదట మేమే తప్పు చేసినాము. ఉత్సాహముతో మన యువ కార్యకర్తలిద్దరు చెరియొక సిలిండరుకు త్రాడు లాగినారు. 60, 40 అని అంకెలు వచ్చినవి. కార్యాలయము తరఫు మెకానికు చిరునవ్వుతో, "ఇద్దరు లాగితే రెండు అంకెలు రాకేం చేస్తాయండీ?" అన్నాడు. ఆయన మాట న్యాయమైనది. మేము ఒప్పుకొన్నాము. ఆ కొలతను కొట్టివేసి, ఆయన తెచ్చిన గేజితోనే, ఆయన ఎన్నిన మనిషి చేతనే, ఆరేసి లాగుళ్లు లాగించినాము. ఈసారి మొదటి సిలిండరు 92, రెండవది 50. నూనె పోసిన తరువాత రెండవది 70కి లేచినది.

ఎగ్జాస్టు మూత విప్పినారు. రెండవ పిస్టన్ పై రింగు మసిలో అతుక్కొని, ఒకచోట విరిగియున్నది. మన ఫిట్టరు అద్దము పెట్టి చూపినాడు: విరిగిన అంచుపై మసి గట్టిపడియున్నది. ఆనాడు ఏటిలోనే విరిగినదైనచో ఆ అంచు మెరయుచుండవలెను. మరొకటి. ఆ మోటారులో రెండు సిలిండర్లకు ఒకే కార్బురేటరు, ఒకే టాంకు. నూనె తక్కువ కలిపిన మాట నిజమైనచో రెండు పిస్టన్లపైనను గీతలుండవలెను. మొదటి పిస్టన్ శుభ్రముగా ఉన్నది. ఈ విషయములన్నియు ఒక కాగితముపై వ్రాసి ఇరుపక్షముల వారు సంతకములు చేసినారు.

నూనె కలుపలేదను అభియోగము నిలువలేదు. నిర్లక్ష్యముగా నడిపినాడనునది కూడ నిలువలేదు. అయినను మోటారు లోపమును వ్రాతపూర్వకముగా తెలుపలేదని సరంగుకు మందలింపు ఇచ్చినారు. మేము దానిపై అప్పీలు చేసినాము, అది మారలేదు. దీనిని సంపూర్ణ విజయమని మేము ఏ సభలోను చెప్పుకొనలేదు. ఆ రోజు రేవు మెట్లపై కూర్చుని సరంగు మాతో అన్న మాట మాత్రము మరువలేము: "బాబూ, ఆ సంగతి నా చేతులకి ఏడాది కిందటే తెలుసు. మీ గడియారానికి ఇవాళ తెలిసింది. అంతే తేడా."

కామ్రేడ్స్, ఆ తేడాను తొలగించుటయే సంఘము పని. శ్రామికుని చేతులకు తెలిసిన సత్యమును కాగితముపై నిలుచు సత్యముగా మార్చవలెను. లోకో పైలట్, మొన్నటి వరకు మనము గార్డు అని పిలిచి 2022 నుండి ట్రెయిన్ మేనేజరని పిలుచుచున్న మిత్రుడు, ఇద్దరును బ్రేకు పవరు సర్టిఫికెట్టు చూడక, గేజిలో అంకె చూడక బండిని కదపరు. తపాలా కౌంటరులో తూకము వేయక పార్సిలు తీసికొనరు. పడవ ఎక్కు ఖలాసీకి, సంచి మోయు తపాలా సోదరునికి మాత్రము నమ్మకమొక్కటే ఆధారమగుట తగునా?

కనుక ఈ తరగతి నుండి వెళ్లిన తరువాత ప్రతి శాఖయు చేయవలసిన పనులు చెప్పుచున్నాము. మీ పరిధిలో మోటారు పడవ ఉన్నచో దానికొక పుస్తకము తెరిపించండి. వర్షాకాలమునకు ముందొకసారి, తరువాత ఒకసారి సంపీడనము కొలిపించి, తేదీతో, కొలిచిన వారి సంతకముతో వ్రాయించండి. ఈ సంవత్సరపు అంకెను నిరుటి అంకె ప్రక్కన పెట్టి చూచినచో మోటారు క్షీణించుట ముందే తెలియును. లోపము కనబడిననాడు నోటితో చెప్పి ఊరుకొనక రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై ముట్టినట్లు సంతకము తీసికొనండి. ప్రాణరక్షక కవచములు, తెడ్లు, లంగరు లేక పడవ కదలరాదని సమష్టిగా పట్టుపట్టండి. ఎంత మంచి మోటారైనను ఆగవచ్చును. ఆగిననాడు మనిషిని కాపాడునవి అవియే.

విచారణ ఎదురైననాడు భయపడకండి. 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నియమములలోను, తపాలా ఉద్యోగులకు వర్తించు 1965 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల నియమములలోను, పెద్ద శిక్షలకు సంబంధించిన విచారణలో సహాయకుని తోడు తీసికొను హక్కు, పత్రములు చూచు హక్కు ఉన్నవి. ఆ హక్కులను వాడుకొనండి. యంత్రమే సాక్షియైన కేసులో యంత్రమును పరీక్షింపుమని మొదటి రోజుననే కోరండి. మేము రెండవ విడతలో కోరినాము. మీరు ఆ ఆలస్యము చేయవద్దు.

చివరగా ఒక మాట. కొలత మనకు వ్యతిరేకముగా వచ్చినను దానిని దాచరాదు. సంపీడనము సరిగానే ఉండి మనవాని పొరపాటు తేలినచో ఆ పొరపాటును ఒప్పుకొని, శిక్ష న్యాయముగా ఉండునట్లు పోరాడవలెను. ఒకసారి తప్పు అంకె చెప్పిన సంఘము మాట మరి పదిసార్లు నిజము చెప్పినను చెల్లదు. మన మాటకు విలువ ఉన్నంత కాలమే మన సభ్యునికి రక్షణ.

 భోజన విరామము తరువాత వెనుకనున్న షెడ్డులో ఒక పాత మోటారును, రెండు గేజీలను సిద్ధముగా ఉంచినాము. మొదట నవ్విన మిత్రులు ముందు రావలెనని కోరుచున్నాము. త్రాడు వారే లాగుదురు, అంకెలు మేము వ్రాసికొందుము.

కార్మిక ఐక్యత వర్ధిల్లవలెను!